అవతలి ఒడ్డు కళ్ళజోడు

ఇటు జరుగు తల్లీ, బొంత మెడదాకా కప్పుకో. రేపు పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి కదా. అందుకని ఇవాళ రాజుల కథా వద్దు, రాక్షసుల కథా వద్దు. పడవ మరిడయ్య కథ చెబుతాను. ఏడుపొస్తే ఏడు, ఏం పరవాలేదు. ఊఁ కొట్టడం మాత్రం మానకూడదు.

అనగనగా ఒక ఊళ్ళో, గోదారి పాయ ఒడ్డున, మరిడయ్య అని ఒకాయన ఉండేవాడు. ఆయన పని పడవ నడపడం. ఇవతల ఊరు, అవతల గుమ్మడిలంక. లంకంటే తెలుసుగా, చుట్టూ నీళ్ళు, మధ్యలో మట్టి. ఆ లంకవాళ్ళకి ఉప్పు కావాలన్నా, పెళ్ళి కావాలన్నా, వైద్యం కావాలన్నా మరిడయ్య పడవే దిక్కు.

ఆ పాయ చాలా వెడల్పు. అవతల నిలబడి గొంతు చించుకున్నా, గాలి కలిసొస్తేనే ఇవతలికి వినపడేది. అందుకని మరిడయ్య వాళ్ళ తాత ఒక ఏర్పాటు చేశాడు. లంక రేవులో పొడుగాటి వెదురుగెడ పాతి, దానికి తాడు కట్టాడు. గెడ మొదట్లో ఒక కుండ బోర్లించి, దాని కింద మూడు గుడ్డలు పెట్టాడు. తెల్లగుడ్డ ఎగరేస్తే, మనుషులున్నాం, తీరిక చూసుకుని రా అని. పసుపుగుడ్డ ఎగరేస్తే, పెళ్ళివారున్నాం, పెద్దపడవ తీసుకురా అని. ఎర్రగుడ్డ ఎగరేస్తే, ప్రాణం మీదికొచ్చింది, తింటున్న అన్నం వదిలేసి రా అని.

ఆ తర్వాత ఇంకో కట్టుబాటు కూడా పెట్టాడు ఆ తాత. గుడ్డ ఎవరైనా ఎగరెయ్యొచ్చు. దించడం మాత్రం పడవవాడే దించాలి. వాడి చేత్తో దించితేనే, వాడు చూశాడనీ, వచ్చాడనీ లెక్క. ఇంకెవరూ ఆ తాడు ముట్టుకోకూడదు. ఇది గుర్తుపెట్టుకో బంగారూ, చివర్లో మళ్ళీ అడుగుతాను.

మరిడయ్యకి ఒక్కతే కూతురు. పేరు వరాలు. ఆ పిల్లంటే ఆయనకి పంచప్రాణాలూ. పెళ్ళీడుకొచ్చాక ఎక్కడెక్కడి నుంచో సంబంధాలొచ్చాయి. ఈయన ఒక్కటీ ఒప్పుకోలేదు. చివరికి గుమ్మడిలంకలో అబ్బులు అనే కుర్రాడికి ఇచ్చాడు. ఎందుకంటే పొద్దున్న లేచి రేవులో నిలబడితే, కూతురింటి పొయ్యి పొగ కనిపిస్తుంది. పొగ లేచిందంటే పిల్ల లేచింది, పిల్ల బాగుంది. అది చూసుకుని అప్పుడు మొహం కడుక్కునేవాడు.

అలా రెండేళ్ళు చూశాడు. ఆ తర్వాత ఒకరోజు పొగ కనపడలేదు. మర్నాడూ కనపడలేదు. మూడోనాడు మనసాగక పడవేసుకుని వెళ్ళి, ఏమ్మా, పొయ్యి వెలిగించట్లేదా అని అడిగాడు. వరాలు నవ్వి, కోడి కుయ్యకముందే వెలిగిస్తున్నాను నాన్నా అంది. అప్పుడు తెలిసింది మరిడయ్యకి, ఆరిపోతున్నది పొయ్యి కాదు, తన కంటిచూపని.

ఇంటికొచ్చి పెళ్ళాంతో చెప్పాడు. ఆవిడ పేరు సోమాలమ్మ, మాట గట్టిది, మనసు వెన్న. సోమవారం సంతలో కళ్ళజోళ్ళ ఆయన కూచుంటాడు, వెళ్ళి ఒకటి తెచ్చుకో అంది. ఆ ఊళ్ళో అప్పటికి కళ్ళజోడున్నవాళ్ళు ఇద్దరే, కరణంగారూ, బడి పంతులుగారూ.

అప్పుడు మరిడయ్య సంతకి వెళ్ళాడు. అక్కడ ఒకాయన గోనెపట్టా పరుచుకుని, రేకుపెట్టె మూత తెరిచి, కళ్ళజోళ్ళు వరసగా పేర్చుకున్నాడు. వయసెంత అని అడిగాడు. మరిడయ్యకి వయసేం తెలుసు, పెద్ద గాలివాన వచ్చిన ఏడు నేను పాలు తాగుతున్నానట అన్నాడు. ఆయన వేళ్ళు మడిచి లెక్కేసుకుని, ఒక సూదీ దారమూ చేతికిచ్చాడు. అదీ ఆయన పరీక్ష. ఎవరొచ్చినా అదే పరీక్ష.

మొదటి జోడు పెట్టుకుంటే సూదికి రెండు బెజ్జాలు కనిపించాయి. రెండోది పెట్టుకుంటే దారం వంకర్లు తిరిగింది. మూడోది పెట్టుకుంటే ఒక్క దెబ్బకి దారం ఎక్కేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు భలే భలే అన్నారు. మరిడయ్య మురిసిపోయి ఆ జోడు తీసుకున్నాడు.

పిచ్చి మారాజు. తలెత్తి దూరంగా ఒక్కసారి చూసుకోలేదు. ఆయన వెళ్ళింది అవతలి ఒడ్డు కోసం, తెచ్చుకున్నది సూదిబెజ్జాన్ని. దగ్గరికి వేరే అద్దాలూ, దూరానికి వేరే అద్దాలూ ఉంటాయని ఆయనకి ఎవరు చెప్పారు? కళ్ళజోడంటే కళ్ళజోడే అనుకున్నాడు. అమ్మినాయనా అంతే అనుకున్నాడు. నాకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో ఇప్పటికీ తెలీదు.

జోడు పెట్టుకుని ఊళ్ళోకొస్తే అందరూ, ఏం పంతులుగారూ, బడి ఎప్పుడు తెరుస్తారు అని వేళాకోళమాడారు. ఆయనకి లోపల సంబరమే. పడవలో పెట్టుకునేవాడు, అన్నం తినేటప్పుడు పెట్టుకునేవాడు, పడుకునేటప్పుడు మాత్రం తీసి గూట్లో పెట్టేవాడు. చేపముల్లు కనిపిస్తోంది, తెరచాప చిరుగు కనిపిస్తోంది. అవతలి ఒడ్డు మాత్రం జోడు తీసినా మసకే, పెట్టినా మసకే. మార్గశిరం వచ్చింది కదా, మంచు కాబోలు అనుకున్నాడు.

అప్పుడు ఒకరోజు లంకవాళ్ళు తెల్లగుడ్డ ఎగరేశారు. మరిడయ్యకి కనపడలేదు. వాళ్ళు రెండు జాములు కాచుకుని కాచుకుని, గాలి తిరిగాక కేకలేస్తే, ఆ కేక విని వెళ్ళాడు. మంచు బాబూ మంచు అన్నాడు. వాళ్ళూ సరే అన్నారు.

ఆ తర్వాత ఇంకోరోజు పసుపుగుడ్డ ఎగరేశారు. లీలగా ఏదో ఊగుతున్నట్టుంటే తెల్లగుడ్డ అనుకుని చిన్నపడవ తీసుకెళ్ళాడు. చూస్తే పెళ్ళివారు, ఇరవైమంది, బుట్టలూ బాజాలూ. మూడుసార్లు తిప్పేసరికి ముహూర్తం కొసకొచ్చింది. పెళ్ళికొడుకు తడి బట్టల్తోనే పీటలమీద కూచున్నాడు. గుడ్డ వెలిసిపోయింది, కొత్తది కట్టండి అన్నాడు మరిడయ్య. గుడ్డ బంగారంలా ఉంది, వెలిసిందేమీ లేదు.

సోమాలమ్మ ఊరుకోలేదు. ఆ జోడు నీకు నప్పినట్టు లేదు, పట్నంలో కళ్ళాసుపత్రి ఉందట, వెళ్ళి మార్పించుకో అంది. ఆయనకి పౌరుషమొచ్చింది.

"సూదిలో దారం ఎక్కించినవాణ్ణే. నాకు చూపు లేదంటావేంటే?"

ఆవిడేమో, మొగుడు సంతోషంగా ఉన్నాడు, పోనీలే అనుకుంది. ఆ పోనీలే అన్నందుకు తర్వాత ఎంత ఏడ్చిందో.

అప్పటికి వరాలుకి నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు పుట్టింట్లోనే కదా. కానీ పుష్యమాసం వచ్చిపడింది. శూన్యమాసంలో పిల్లని కదపకూడదు, మాఘం రాగానే తెచ్చుకుందాం అన్నారు పెద్దవాళ్ళు. మాఘం ఇంకా వారం ఉంది.

ఆ సోమవారం ఊరంతా సంతకి వెళ్ళిపోయింది. సోమాలమ్మ కూడా బాలింతకి తినిపించే కాయం మందుకి దినుసులు కొనుక్కురావడానికి వెళ్ళింది. రేవులో మరిడయ్య ఒక్కడే మిగిలాడు. ఊరికే కూచోవడం ఎందుకని, సోమాలమ్మ పాత చీరలు నాలుగు మడతలేసుకుని, పుట్టబోయే బిడ్డకి బొంత కుట్టడం మొదలుపెట్టాడు. తెరచాపలు కుట్టిన చెయ్యి కదా, కుట్టు చక్కగా పడేది. కొత్త కళ్ళజోడు పుణ్యమా అని, ఒక్కో కుట్టూ చీమల బారులా వచ్చింది.

ఆ పొద్దున్నే వరాలుకి నొప్పులు వచ్చాయి తల్లీ. మాఘం వచ్చాక రావలసినవి ముందే వచ్చేశాయి. మంత్రసాని చూసి, ఇది నా చేతిలో పని కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి అంది. అబ్బులు పరిగెత్తుకుంటూ వచ్చి ఎర్రగుడ్డ ఎగరేశాడు. లంకలో ఉన్న రెండు చిన్న దోనెలూ చేపల వేటకి పోయాయి. గాలేమో ఎదురుగాలి, కేకేస్తే కేక వెనక్కే వస్తోంది. పడవ రాగానే ఎక్కించేద్దామని, వరాలుని మంచంతో సహా మోసుకొచ్చి రేవులో దించారు.

మరిడయ్య పొద్దున్న ఒకసారి తలెత్తి చూశాడు. తెల్లగా మసక. మంచు అనుకున్నాడు. మళ్ళీ కుట్టుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం ఒకసారి తలెత్తి చూశాడు. అప్పుడూ మసకే. సంతకెళ్ళే లంకవాళ్ళని తెల్లారేసరికే దాటించేశాను, ఇంక ఎవరూ రారులే అనుకున్నాడు. మళ్ళీ కుట్టుకున్నాడు.

పొద్దు వాలుతుంటే మూడోసారి తలెత్తాడు. ఏదో ఒక చుక్క కదిలినట్టయింది. పిట్ట అనుకున్నాడు. దారం అయిపోతే మళ్ళీ ఎక్కించుకున్నాడు. ఒక్క దెబ్బకే ఎక్కింది.

అప్పుడు ఒక ముసలావిడ గడ్డిమోపు దించుకుని, రేవులో నీళ్ళు తాగడానికొచ్చింది. దోసిలితో నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, మరిడయ్య వంక వింతగా చూసింది.

"అవతల ఎర్రగుడ్డ ఎగురుతుంటే ఇంకా కూచున్నావేంటయ్యా?"

మరిడయ్య తలెత్తి, ఎప్పట్నుంచి అని అడిగాడు.

"పొద్దున నేను గడ్డికి పోయేటప్పుడే ఎగురుతోంది. చూసే కూచున్నావనుకున్నాను."

ఆయన లేచాడు. బొంతలో సూది అలాగే ఉండిపోయింది. ఆయన తెడ్డు వేసిన తీరు ఆ ముసలావిడ చచ్చేదాకా చెప్పుకునేది, అరచేతులు చీరుకుపోయి తెడ్డంతా నెత్తురయిందట.

ఆయన వెళ్ళేసరికి రేవులో ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టుకుని నిలబడ్డారు. లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. బిడ్డ దక్కింది, తల్లికి నెత్తురు ఆగట్లేదు, తొందరగా పోనియ్ అంది మంత్రసాని. ఎర్రగుడ్డ దించాలన్న ధ్యాస ఆయనకి లేదు. ఎవరికీ లేదు.

ఆ పగలంతా వరాలు మంచంమీద నుంచి ఇవతలి ఒడ్డునే చూస్తోందట. పడుచుకళ్ళు కదా, ఆ పిల్లకి అన్నీ కనిపించాయి. నాన్న కూచోవడం కనిపించింది. ఒళ్ళో పరుచుకున్న బట్ట కనిపించింది. ఎండకి కళ్ళజోడు తళుక్కుమనడం కనిపించింది. ఆయన తలెత్తినప్పుడల్లా, ఇదిగో చూశాడు, ఇంక లేస్తాడు అనేదట. మూడుసార్లు తలెత్తాడు కదా. మూడుసార్లూ అంది.

పడవ సగం పాయ దాటింది. వరాలు తల అబ్బులు ఒళ్ళో ఉంది, బిడ్డ మంత్రసాని చేతుల్లో ఉంది. మరిడయ్య ఎదురుగా కూచుని తెడ్డు వేస్తున్నాడు. కూతురి మొహంలోకి చూడలేక నీళ్ళలోకి చూస్తున్నాడు. అప్పుడు వరాలు నెమ్మదిగా పిలిచింది.

"నాన్నా, అటుపక్క ఇవాళ మంచు ఎక్కువా?"

ఆ రోజు గోదారంతా ఎండ కాసింది బంగారూ. మంచన్నది చుక్కంత లేదు. అది ఆ పిల్లకి తెలుసు. పగలంతా నాన్నని చూస్తూనే ఉంది కదా.

"అవునమ్మా. మంచే."

"అదే అనుకున్నాను" అంది వరాలు.

అంతే.  పడవ ఇవతలి రేవుకి చేరింది. వరాలు మాత్రం చేరలేదు.

ఉండు, కాసిని మంచినీళ్ళు తాగనీ. ఆఁ. ఊఁ కొడుతున్నావా, సరే.

మరిడయ్య మళ్ళీ తెడ్డు పట్టుకోలేదు. ఆయన తమ్ముడు పడవ తీసుకున్నాడు. కళ్ళజోడు గూట్లో ఉండిపోయింది. సగం కుట్టిన బొంతని సూదితో సహా చుట్టి దూలానికి వేలాడదీశారు. ఆయన గోదారి వైపు తలుపు మూయించి, వెనక వసారాలో కూచునేవాడు. ఊళ్ళోవాళ్ళంతా, పాపం మంచు కమ్మింది, ఆయనేం చేస్తాడు అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన తల ఇంకా కిందికి పోయేది. తిడితే భరించేవాడేమో.

అబ్బులు లంకలో ఒంటిగాడు, పసిదాన్ని ఎలా పెంచుతాడు? అందుకని ఇవతలే ఉంచేసి, వారానికోసారి వచ్చి చూసిపోయేవాడు. ఆ బిడ్డ పక్కింటావిడ పాలు కొన్నాళ్ళూ, మేకపాలు కొన్నాళ్ళూ తాగి పెరిగింది. పాకింది, నిలబడింది, తప్పటడుగులు వేసింది. ఒకరోజు సోమాలమ్మ పిండి దంచుకుంటోంది. మరిడయ్య వసారాలో ఉన్నాడు. గోదారి వైపు తలుపు ఎవరో తెరిచి వదిలేశారు. వాకిట్లోంచి రేవు దాకా ఏదో మెల్లగా వెళ్తున్నట్టు ఆయనకి కనిపించింది. కోడిపిల్ల అనుకున్నాడు.

సోమాలమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. రోకలి అక్కడే పడేసి ఒక్క పరుగున వెళ్ళి పట్టుకుంది. అప్పటికే పసిదానికి మోకాళ్ళదాకా నీళ్ళు. ఆవిడ పిల్లని తెచ్చి మరిడయ్య ఒళ్ళో కూచోబెట్టింది. తడిసిన పాదాలు ఆయన పంచెకి తగిలాయి.

"మంచని ఊరంతా అన్నాం. కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు" అంది. "ఇదైనా నీకు కనపడొద్దా?"

మర్నాడు ఆయనే లేచి పంచె మార్చుకుని, ఆసుపత్రికి వెళ్దాం పద అన్నాడు.

పట్నంలో కళ్ళ డాక్టరమ్మ సూదీ దారం ఇవ్వలేదు. ముందు కూచోబెట్టి, మీరేం పని చేస్తారు, మీకు ఏం కనిపించాలి అని అడిగింది. ఆ మాట ఆయన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు.  అవతలి ఒడ్డు అన్నాడు ఆయన.

అప్పుడు ఆవిడ ఆయన ముక్కుమీద బరువైన చట్రం ఒకటి పెట్టింది. ఆయనకి చదువు రాదు కదా, గోడమీద మూడు పళ్ళ దువ్వెన లాంటి గుర్తులు చూపించి, పళ్ళు ఎటున్నాయో చేత్తో చూపించమంది. ఒక కన్ను మూసి ఒక అద్దం వేసింది. ఇదా? కాదు. ఇంకోటి వేసింది. ఇదా? కొంచెం. మూడోది వేసి, కాస్త తిప్పింది. ఆయన చెయ్యి చకచకా కిందికీ పైకీ పక్కకీ తిరిగింది. రెండో కంటికీ అలాగే చూసింది. ఆ తర్వాత ఆ చట్రంతోనే ఆయన్ని వరండాలోకి నడిపించుకెళ్ళి, దూరంగా కొబ్బరిచెట్టు చూపించి, మట్టలు లెక్కపెట్టమంది.

పైన దూరానికీ కింద దగ్గరికీ కలిపి ఒకే అద్దంలో చేయించొచ్చు, చేయించనా అని కూడా అడిగింది. మరిడయ్య చేతులు జోడించాడు.

"కింది ముక్క వద్దు తల్లీ. సూది నాకింక అక్కర్లేదు."

ఎందుకో ఆవిడకి తెలీదు. పడవ ఎక్కి దిగేవాళ్ళకి కింది ముక్కతో అడుగు తడబడుతుంది, మీరన్నది మంచిదే అంది.

పది రోజులకి కొత్త జోడు వచ్చింది. ఆయన దాన్ని పెట్టెలోంచి తియ్యకుండా, తిన్నగా రేవుకి నడిచాడు. అప్పుడు పెట్టుకున్నాడు. పెట్టుకుని తలెత్తాడు.

అవతలి ఒడ్డు ఇవతలికి నడిచొచ్చినట్టయింది. కొబ్బరిమట్టలు విడివిడిగా ఉన్నాయి. ఒడ్డున కుక్క నడుస్తోంది. అబ్బులు ఇంటి పొయ్యి పొగ సన్నగా లేస్తోంది. ఆ పొగ కోసం ఎన్నాళ్ళు ఏడ్చాడు ఆయన! దాని పక్కన గెడ ఉంది. ఆ గెడమీద ఎర్రగుడ్డ ఉంది.

ఇప్పుడు చెప్పు, గుడ్డ ఎవరు దించాలి? ఊఁ, పడవవాడే. ఏడాది దాటినా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు, అది అన్న కోసం ఎగరేసిన గుడ్డని తమ్ముడు కూడా దించలేదు. లంకవాళ్ళు పక్కన ఇంకో గెడ పాతుకుని సర్దుకున్నారు కానీ, ఆ తాడు జోలికి పోలేదు. ఎండకి వెలిసి, వానకి నాని, అంచులు పీలికలై, ఇంకా ఎగురుతూనే ఉంది. రా నాన్నా, రా నాన్నా అన్నట్టు.

మరిడయ్య తమ్ముణ్ణి తెడ్డు ఇమ్మన్నాడు. సోమాలమ్మ పసిదాన్ని ఎత్తుకుని పడవెక్కింది.  లంక రేవులో దిగి, గెడ దగ్గరికి నడిచి, ముడి విప్పి, ఆ గుడ్డని చేతులారా కిందికి దించాడు. దాన్ని మొహానికి అదుముకున్నాడు.

"వచ్చానమ్మా" అన్నాడు.

ఆయన అంత గట్టిగా ఏడవడం సోమాలమ్మ అదే మొదలు చూడడం. పసిదానికి ఏం తెలుసు, తాతయ్య కళ్ళజోడు పట్టుకుని లాగుతోంది.

ఆ తర్వాత ఆయన మళ్ళీ పడవెక్కాడు. బతికున్నన్నాళ్ళూ ఒక్క గుడ్డ తప్పిపోలేదు. పొలానికెళ్ళే మనిషయినా, సంతకెళ్ళే మనిషయినా, కళ్ళు మసకగా ఉన్నాయంటే ముందు పడవలో కూచోబెట్టి, నువ్వు చూడాల్సింది దగ్గరా, దూరమా, అది తేల్చుకుని వెళ్ళు అని చెప్పేవాడు. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు విన్నారు.

దూలానికున్న బొంతని సోమాలమ్మ దించింది. సూదిలో దారం ఆవిడే ఎక్కించింది, మిగిలిన సగం ఆవిడే కుట్టింది. ఆ ఎర్రగుడ్డలో పీలిక కాని ముక్క జానెడు మిగిలితే, పారెయ్యడానికి మనసొప్పక, బొంత అంచుకి వేసి కుట్టేసింది. పసిది దానిమీదే పడుకుని పెరిగింది. పెద్దదై, పెళ్ళయి, పిల్లల్నీ పడుకోబెట్టింది. ఇప్పుడు మనవరాలికి కూడా కప్పుతోంది.

ఊఁ. నీ మెడ దగ్గరున్న అంచు తడిమి చూడు. మెత్తగా, అక్కడ, ఆ కాస్త ముక్క. రంగేం లేదులే ఇప్పుడు.

ఏడవకు. ఇటు రా, నా చెయ్యిమీద పడుకో. మా అమ్మ మొహం నేను చూడలేదు కానీ, పగలంతా నాన్న కోసం చూసిన ఆ కళ్ళే నాకొచ్చాయని మా తాతయ్య అనేవాడు. నీవీ అవే కళ్ళు. రేపు డాక్టరు ఇదా, ఇదా అని అడిగితే, సిగ్గుపడి అన్నీ కనిపిస్తున్నాయని అబద్ధం చెప్పకు. తలెత్తి, దూరంగా చూసి, నిజం చెప్పు. అంతే నేను అడిగేది.

పడవేమో ఒడ్డుకి, తెడ్డేమో మూలకి,
గుడ్డేమో కిందికి, పాపేమో నిద్దరకి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి.